మగ్గం ముందు ఏ కెమెరా?

పుట్టపాక నేతగాళ్ల ఇళ్లలో తేలియా రుమాలు ఎలా తయారవుతుందో, నూలు నానబెట్టే దగ్గర్నుంచి బట్ట మగ్గం దిగేదాకా ఫోటోలు తీయాలని ఒక అమ్మాయి పట్టుదల. ఆమెకు హైదరాబాద్‌లో ఉద్యోగం. సెలవు దొరికితే భువనగిరి వైపు బస్సెక్కుతుంది. ఆమె మేనమామకు రాజమండ్రిలో స్టూడియో. రోల్‌కి 12 ఫోటోలే వచ్చే యాషికా జంట లెన్సుల కెమెరాతో పని నేర్చి, ఈనాటికీ పెళ్లిళ్లు తీస్తున్న మనిషి. ఇప్పుడాయన చేతిలో ఉన్నది కెనాన్ ఆర్6 మార్క్ టూ, 2022లో వచ్చిన మిర్రర్‌లెస్. ఆమె చేతిలో కెనాన్ పవర్‌షాట్ ఎస్95, 2010 నాటి జేబు కెమెరా. పుట్టపాకకు ఏది వెళ్లాలన్న దగ్గర మొదలైంది వాదన. ఊరుకోలేకపోయిన కొన్ని చోట్ల నా మాటా కలిపాను.

మావయ్య: నా బ్యాగ్ పట్టుకెళ్లవే అమ్మడూ. బాడీ, 24-70 లెన్సు, రెండు బ్యాటరీలు. ఈ నెలాఖరు దాకా నాకు ముహూర్తాల్లేవు.

మేనకోడలు: వద్దు మావయ్యా. నాన్న బీరువాలో మూలపడి ఉన్న ఎస్95 తీసి బ్యాటరీ వేయించాను. అది చాలు.

మావయ్య: చాలడమేంటే! నా సెన్సర్ 36 మిల్లీమీటర్ల పొడవు, 24 వెడల్పు. నీదాని సెన్సర్ నీ చిటికెనవేలి గోరుకన్నా చిన్నది. ఏడున్నర మిల్లీమీటర్లకు కాస్త తక్కువ పొడవు, అయిదున్నర వెడల్పు. వైశాల్యం లెక్కేస్తే నాది 20 రెట్లు పైన. నువ్వు తీయబోయేది గుంట మగ్గాల ఇళ్లు. తలుపులోంచి వచ్చే వెలుతురే గతి.

మేనకోడలు: ఆ ఇళ్లు చూసొచ్చాను. ఎఫ్/2 పెట్టి, ఐఎస్ఓ 400 పెడితే, సెకనులో 60వ వంతు వస్తోంది. మగ్గం ముందు కూర్చున్న మనిషికి అది సరిపోతుంది.

మావయ్య: ఆ ఎఫ్/2 నీ లెన్సుకు వెడల్పు చివరన ఒక్కచోటే. కాస్త జూమ్ చేశావో, కొసకు వెళ్లేసరికి ఎఫ్/4.9 అయిపోతుంది. అంటే వెలుతురు ఆరో వంతుకు పడిపోయినట్టు. నా లెన్సు 24లోనూ 2.8, 70లోనూ 2.8.

మేనకోడలు: నేను జూమ్ చేయను, దగ్గరికెళ్తాను. ఇంకోటి అడుగుతా చెప్పు. నువ్వు ఎఫ్/2.8లో తీస్తే నేతగాడి కళ్లు ఫోకస్‌లో ఉంటాయి. మరి ఆయన చేతిలో నాడె? పడుగు మీద అప్పుడే తేలుతున్న పువ్వు?

మావయ్య: అవి మెత్తబడతాయి. అందుకే కదా జనం డబ్బులిచ్చేది!

మేనకోడలు: పెళ్లికొడుకు వెనకాల షామియానా మెత్తబడితే అందం. మగ్గం మెత్తబడితే నేను వెళ్లిన పనే పోతుంది. నా చిన్న సెన్సర్ మీద ఎఫ్/2 పెడితే, నీ సెన్సర్ మీద ఎఫ్/9 పెట్టినంత లోతు ఫోకస్‌లో ఉంటుంది. మనిషి, చెయ్యి, బట్ట, అన్నీ ఒకేసారి తెలుస్తాయి. ఆ లోతు నీక్కావాలంటే ఎఫ్/9కి వెళ్లాలి. అదే 60వ వంతు నిలబెట్టాలంటే ఐఎస్ఓ 8000 పెట్టాలి. ఇప్పుడు చెప్పు, ఆ 20 రెట్లు ఎక్కడికి పోయాయి?

కెమెరా కొట్లలో ఈ లెక్క ఎవరూ చెప్పరు. పెద్ద సెన్సర్ అంటే చీకట్లో గెలుపు అని అందరూ నమ్ముతాం. ఆ గెలుపంతా లెన్సును బార్లా తెరిచినప్పుడే. లోతు కోసం లెన్సు మూయాల్సి వచ్చిన చోట, కదిలే మనిషి ముందు, రెండు కెమెరాలూ ఇంచుమించు ఒకే వెలుతురుతో సరిపెట్టుకోవాలి. మావయ్య కొంచెంసేపు మాట్లాడలేదు.

మావయ్య: లెక్క సరే. ఒప్పుకుంటా. కానీ 12 ఏళ్ల తర్వాతి సెన్సర్ కాబట్టి ఆ 8000లోనూ నాదే కొంత శుభ్రంగా ఉంటుంది. అదీ పక్కన పెట్టు. నాకు ఎఫ్/2.8 ఉంది, ఎఫ్/9 కూడా ఉంది. నీకు ఎఫ్/9 లాంటిది ఒక్కటే ఉంది. వాళ్ల ఇంట్లో ఆసు పోస్తున్నప్పుడు ఏం చేస్తావ్?

మేనకోడలు: ఆసు దగ్గర నిజంగానే ఇబ్బందిపడ్డాను.

ఆసు అంటే తెలియనివాళ్ల కోసం ఒక మాట. చిటికి కట్టే ముందు, అంటే రంగు అంటకుండా నూలును అక్కడక్కడా దారంతో బిగించే ముందు, పేక నూలును అర్ధచంద్రాకారంగా ఉన్న మేకుల చుట్టూ, పోగు తర్వాత పోగు, చేత్తో తిప్పాలి. ఒక్క చీరకే వేల సార్లు చెయ్యి పైకీ కిందికీ ఆడాలి. తరతరాలుగా ఆ పని ఆడవాళ్ల భుజాలు అరగదీసింది. తల్లి నొప్పి చూడలేక చింతకింది మల్లేశం ఆసు యంత్రం తయారుచేసి దానికి ఆమె పేరే పెట్టారు, లక్ష్మీ ఆసు యంత్రమని. 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది.

మావయ్య: ఆ చెయ్యి 60వ వంతులో గీతలాగా వస్తుంది. నేనైతే ఎఫ్/2.8, ఐఎస్ఓ 3200 పెట్టి 250వ వంతులో ఆపేస్తా. వేలి మధ్యలో పోగు కోసిన గాటు కూడా కనపడుతుంది. అసలు నీ కెమెరా ఫోకస్ పట్టేలోపు చెయ్యి పైకెళ్లి కిందికొచ్చేస్తుంది. అది ఫోకస్ ఎలా వెతుకుతుందో తెలుసా? లెన్సును ముందుకు జరుపుతుంది, బొమ్మ పదునుగా ఉందా అని చూస్తుంది, ఇంకా జరుపుతుంది, పదును తగ్గితే అయ్యో దాటేశానని వెనక్కొస్తుంది. నాదాంట్లో అలా కాదు. సెన్సర్ మీది ప్రతి పిక్సెలూ రెండు సగాలు. ఎడమ సగం చూసిందీ కుడి సగం చూసిందీ పోల్చుకుంటే లెన్సు ఎటు జరగాలో, ఎంత జరగాలో ముందే తెలిసిపోతుంది. నేరుగా అక్కడికే వెళ్తుంది. పైగా కన్ను ఎక్కడుందో తనే వెతుక్కుంటుంది.

మేనకోడలు: ఆసు దగ్గర నువ్వే గెలిచావు. ఆ చెయ్యి గీతలా వచ్చినా ఒక రకం నిజమే, వేల సార్లు కదిలే చెయ్యి కదా. కానీ ప్రతి ఫోటోలో గీతే వస్తే అది నా ఎంపిక అనిపించుకోదు.

మావయ్య: ఇంకోటి విను. ఇది పెళ్లిళ్ల సంగతి కాదు, నీ రుమాలు సంగతే. చిటికిలో రంగు అంచు కత్తిరించినట్టుండదు. కట్టిన దారం కిందికి రంగు కొంచెం పాకుతుంది. ఎరుపు నలుపులోకి, నలుపు తెలుపులోకి ఈకలా వెళ్తుంది. ఆ పాకుడే చేతిపనికి సాక్ష్యం, అవునా? మిల్లులో అచ్చేసిన నకిలీ బట్టకు అది ఉండదు. నీ పది మెగాపిక్సెళ్ల చిన్న సెన్సర్ ఐఎస్ఓ 400, 800లో గరుకు కప్పిపుచ్చడానికి బొమ్మను తుడిచేస్తుంది. అప్పుడు ఫోటోలో అంచు మెత్తగా కనపడితే అది రంగు పాకినందుకా, నీ కెమెరా తుడిచినందుకా? చూసేవాడికెలా తెలుస్తుంది?

మేనకోడలు: రా ఫైల్ తీసుకుంటాను. అందులో తుడుపు ఉండదు.

మావయ్య: తుడుపు ఉండదు, గరుకు ఉంటుంది. పోగు కనపడాల్సిన చోట ఇసుక చల్లినట్టుంటుంది. ఏదైతేనేం, పోగు పోయింది.

ఈ చోట నా ఓటు మావయ్యకే. తేలియా రుమాలుకు 2020లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. నూనె, బూడిద కలిపిన నీళ్లలో రోజుల తరబడి నానిన నూలు, మూడే రంగులు, కట్టు దగ్గర రంగు చేసే ఆ చిన్న పాకుడు. ఈ గుర్తింపు నిలబడేది వీటి మీదే. ఆ రుమాలును ఫోటో తీసి దాచాలనుకునేవాళ్లు పోగు పోగొట్టుకుని తిరిగి రాకూడదు.

మేనకోడలు కూడా ఆ మాట కాదనలేదు. కానీ ఆమె అసలు వాదన అప్పటిదాకా బయటికి రాలేదని నాకర్థమైంది.

మేనకోడలు: బట్ట సంగతి నువ్వు చెప్పావు. నేను మనిషి సంగతి చెప్తాను. బాడీ 670 గ్రాములు, లెన్సు 900. కిలోన్నర దాటిన నల్లటి వస్తువు ముఖం ముందు పెట్టుకుని నేను ఆ గడప దాటితే ఏం జరుగుతుందో ఒకసారి చూశాను. నాతోపాటు వచ్చిన స్నేహితురాలి దగ్గర అలాంటి కెమెరానే ఉంది. మగ్గం ఆగిపోయింది. ఇంటాయన లేచి చొక్కా తొడుక్కున్నాడు. ఇంటావిడ చెంగు సర్దుకుని, పిల్లాణ్ని అవతలికి పంపి, నేస్తున్నట్టు నటించింది. నాడె విసిరింది కానీ పేక సరిగా కొట్టలేదు. మేం వెళ్లాక ఆ రెండంగుళాలూ ఊడదీసుకుని ఉంటుంది. తర్వాత నేనొక్కదాన్నే ఎస్95తో వెళ్లాను. అది 200 గ్రాములు కూడా ఉండదు. నడుము దగ్గర పట్టుకుని, ముఖం దాచుకోకుండా, మాట్లాడుతూనే తీశాను. షట్టర్ లెన్సు లోపలే ఉంటుంది, చప్పుడు లేనట్టే. ఆవిడ పని ఆపలేదు. కూతురి ఫీజు సంగతి చెబుతూనే అచ్చు లాగి కొట్టింది.

మావయ్య: నాదాంట్లో చప్పుడే లేకుండా తీసే ఎలక్ట్రానిక్ షట్టర్ ఉంది. సెకనుకు 40 దాకా.

మేనకోడలు: ఆ షట్టర్ పెట్టి ఎల్ఈడీ బల్బు కింద తీసి చూపించింది నువ్వే కదా, ముఖం మీద అడ్డంగా చారలు! పెద్ద కెమెరా ఎంత నిశ్శబ్దంగా ఉన్నా కంటికి కనపడుతుంది. చిన్నదాన్ని నమ్ముకున్నవాళ్లు నాకన్నా ముందే ఉన్నారు. దైదో మొరియామా టోక్యో వీధులన్నీ రికో జీఆర్ జేబులో వేసుకునే తిరిగాడు. మాగ్నమ్ ఫోటోగ్రాఫర్ అలెక్స్ మజోలి కాంగోనీ, ఇరాక్ యుద్ధాన్నీ ఒలింపస్ చిన్న కాంపాక్టులతో తీశాడు.

మావయ్య: వాళ్లు తమ కోసం, తమ పత్రిక కోసం తీశారు. ఇవాళ రాని ఫోటో రేపు వస్తుంది. నా పని వేరే. చెప్తా విను. తెల్లవారుజామున మూడింటికి ముహూర్తం. మధ్యలో అడ్డుతెర. ఇటు పెళ్లికొడుకు, అటు పెళ్లికూతురు. పంతులుగారు గడియారం చూస్తున్నారు. చుట్టూ చుట్టాలు, ప్రతి చేతిలో ఫోనే. జీలకర్ర బెల్లం ఒకరి తల మీద ఒకరు పెట్టే క్షణం, తెర దిగే క్షణం, ఇద్దరూ మొదటిసారి చూసుకునే క్షణం, అన్నీ కలిపి పది సెకన్లు ఉండవు. ఆ పది సెకన్లలో పంతులుగారి చెయ్యి అడ్డొస్తుంది. మేనత్త ముందుకు వంగుతుంది. అప్పుడు నా కెమెరా పెళ్లికూతురి కన్ను వదలకూడదు. ఒక కార్డు పాడైతే రెండోదాంట్లో అదే ఫోటో ఉండాలి, అందుకే దీనికి రెండు కార్డుల అరలు. నీదాంట్లో ఒకటి. నీ కెమెరా సెకనుకు రెండు ఫోటోలు కూడా పూర్తిగా తీయదు, బ్యాటరీ 200 ఫోటోలకే అయిపోతుంది. ముహూర్తం మళ్లీ రమ్మంటే వస్తుందా? ఆ ఇంటివాళ్లు నన్ను పిలిచింది నేను కళాకారుణ్ననా? కాదు. వీడు ఉంటే పోదు అన్న నమ్మకంతో. ఈ ఇనుమంతా నేను మోసేది ఆ నమ్మకం కోసం. మెడ నొప్పి నాకు సరదా కాదు.

మేనకోడలు: ఆ నమ్మకాన్ని నేను తక్కువ చేయడం లేదు మావయ్యా. పెళ్లికి ఎస్95 తీసుకెళ్లేవాళ్లను నేనే ఆపుతాను.

మావయ్య: ఆల్బం సంగతి కూడా అంతే. 12 బై 36 కరిజ్మా ఆల్బంలో రెండు పేజీల మీదా ఒకే ఫోటో పరచాలంటే నీ పది మెగాపిక్సెళ్లు అంగుళానికి వంద చుక్కలే ఇస్తాయి. పెళ్లికూతురి ముక్కుపుడక మసకేస్తుంది. సరే, చిన్నదే కావాలంటే ఫోన్ లేదా? దానికన్నా చిన్నది, దానికన్నా అలవాటైనది ఏముంది? ఎవరూ చెంగు కూడా సర్దుకోరు.

మేనకోడలు: ఫోన్ చీకటి గదిలో ఒక ఫోటో తీయదు. వరసగా చాలా తీసి, వాటిలో మంచివనుకున్న ముక్కలు కలిపి ఒకటి చేస్తుంది. ఆసు పోసే చెయ్యి ఒక క్షణానిది, మేకుల మీది పోగులు ఇంకో క్షణానివి కావచ్చు. చర్మం తనకు నచ్చినట్టు నునుపు చేస్తుంది. నేను రాసిపెట్టేది ఒక పని ఎలా జరుగుతుందో. అందులో జరగని క్షణం ఉండకూడదు. ఎస్95 ఒక్కసారి తెరుచుకుని ఒక్కసారి మూసుకుంటుంది. ఇంకా, దాని సీసీడీ సెన్సర్ రంగు. ఈ కాలం కెమెరాల్లో అలాంటి ఎరుపు రావడం లేదు. నా ఈడువాళ్లంతా పాత డిజిటల్ కెమెరాలు వెతుక్కుని కొంటోంది అందుకే.

మావయ్య: ఫోన్ గురించి నువ్వన్నది సరైనదే. రంగు గురించి అన్నది కాదు. సీసీడీ అయినా, ఇప్పటి సీమాస్ అయినా సిలికానే. దానికి రంగు తెలియదు, ఎంత వెలుతురు పడిందో అంతే తెలుసు. పిక్సెల్ మీద ఎరుపు, పచ్చ, నీలం అద్దకం వేసి, ఆ లెక్కల్లోంచి రంగు కట్టేది కెమెరా లోపలి ప్రోగ్రామ్. 2010లో ఆ కంపెనీ ఇంజినీర్లు అలా కట్టారు, ఇప్పుడు ఇలా కడుతున్నారు. నీ ఎస్95 రా ఫైలూ నా రా ఫైలూ పక్కపక్కన పెట్టి, బూడిదరంగు కార్డు చూపించి సరిచేస్తే రెండు ఎరుపులనూ చాలా దగ్గరికి తీసుకురావచ్చు. పైగా నీకు కావాల్సింది ఇష్టమైన ఎరుపా, రుమాలులో ఉన్న ఎరుపా?

మేనకోడలు: ఉన్న ఎరుపే.

మావయ్య: అయితే ఆ సీసీడీ మాట వదిలెయ్.

ఆమె వదిలేసింది. నాకూ ఆ మాట నచ్చింది. పాత వస్తువు మీద ప్రేమ ఉండొచ్చు. కానీ ఆ ప్రేమకు లేని శాస్త్రం అంటగట్టడం వస్తువుకే అన్యాయం. చిన్న కెమెరాకు చెప్పుకోవడానికి అసలు బలాలు వేరే ఉన్నాయి.

మావయ్య: ఇంకో భయం ఉంది నాకు. ముడుచుకునే లెన్సు ప్రతిసారీ బయటికొచ్చి లోపలికి వెళ్తూ దుమ్ము లాక్కుంటుంది. అది సెన్సర్ మీద కూర్చుంటే నువ్వు తుడవలేవు, మొత్తం విప్పాలి. మగ్గాల ఇళ్లలో నూలు దూది గాల్లో తేలుతుంటుంది. నా సెన్సర్ అయితే లెన్సు తీసి నేనే తుడుచుకుంటా. ఏదో ఒకనాడు నీది లెన్సు బయటపెట్టి అలాగే బిగుసుకుపోతుంది. విడిభాగాలు ఎవడిస్తాడు? జపాన్ కెమెరా తయారీదారుల సంఘం లెక్కల్లో 2010 ఏడాదిలో 12 కోట్లకు పైగా డిజిటల్ కెమెరాలు అమ్మకానికి వెళ్లాయి, అందులో అత్యధికం నీలాంటి చిన్నవే. 2023కి ఆ చిన్నవి 20 లక్షలు కూడా లేవు. ఆ జాతే అయిపోవచ్చింది.

మేనకోడలు: ఆసు పోసే చేతులూ అంతే కదా మావయ్యా. గుంట మగ్గమూ అంతే. ఆగిపోతుందని ముందే బీరువాలో పెట్టేస్తే ఏమొస్తుంది? ఆగేదాకా తీస్తాను. ఏరోజు ఫోటోలు ఆరోజే రెండు చోట్ల దాస్తున్నాను. రెండో కార్డు అర లేని లోటు రాత్రిపూట కూర్చుని పూడ్చుకుంటున్నాను.

మావయ్య: సరే. ఒక్కటి చెప్పు. ఆ ఇంటావిడ, నా ఫోటో ఒకటి పెద్దది చేసివ్వమ్మా, గోడకు పెట్టుకుంటానంటే ఎంత సైజులో ఇస్తావ్?

మేనకోడలు: 12 అంగుళాలు, 9 అంగుళాలు. అంగుళానికి 300 చుక్కలతో నా కెమెరా ఇవ్వగలిగింది అంతే.

మావయ్య: అంతకన్నా పెద్దది అడిగితే?

మేనకోడలు: నీ కెమెరా అడిగి తీసుకెళ్తాను. అప్పటికి నేను వాళ్లింటికి చాలాసార్లు వెళ్లి ఉంటాను. దాన్ని చూసి మగ్గం ఆపరు.

మావయ్య: చాలాసార్లు వెళ్లేదానివైతే, ఏదో ఒకరోజు దీన్నీ బ్యాగులో వేసుకెళ్లు. బయటికి తీయకు. మగ్గం దగ్గర గోడకు ఆనించి పెట్టు. వాళ్ల పిల్లాడు వచ్చి ఇదేంటని అడుగుతాడు. వాడి చేతికివ్వు, వాణ్నే తియ్యమను.

మేనకోడలు: వాడు పడేస్తే?

మావయ్య: పట్టీ మెడలో వేసి ఇవ్వు. బట్ట మగ్గం దిగిన రోజు మాత్రం దీంతోనే తియ్యి. తలుపు దగ్గరి వెలుతురులో, బట్ట కదలకుండా పరిచి, ఐఎస్ఓ 100లో, ఎఫ్/8లో. పక్కన బూడిద కార్డు పెట్టడం మర్చిపోకు.

మేనకోడలు: బట్టకు ఒప్పుకున్నాను. నేసేటప్పుడు మాత్రం ఎస్95తోనే తీస్తాను.

మావయ్య: ఆసు?

మేనకోడలు: ఆసు ఇంకా ఒప్పుకోలేదు.